ఎడారి ఒడ్డున గాలిపటం: మసీరా ప్రయాణానికి చిట్కాలు

ఒమన్ తూర్పు తీరానికి కాస్త దూరంగా, అరేబియా సముద్రంలో సుమారు 95 కిలోమీటర్ల పొడవున మసీరా ద్వీపం ఉంది. చెట్టూ చేమా పెద్దగా కనిపించవు. రాళ్ల గుట్టలు, ఇసుక, ఉప్పు నేలలు, చుట్టూ నీలం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అక్కడ గాలి రాత్రీ పగలూ వీస్తుంది. సోమాలియా ఒడ్డు నుంచి అరేబియా సముద్రం మీదుగా దూసుకొచ్చే నైరుతి గాలి అది. అదే గాలి తేమ నింపుకొని వచ్చి మన పడమటి కనుమలకు తగిలి వానై కురుస్తుంది. మసీరాకు మాత్రం ఆ వాన దక్కదు, గాలి ఒక్కటే దక్కుతుంది. కాళ్ల కింద బోర్డు, తల మీద గాలి నింపిన పెద్ద పటం, దాని లాగుడుకు నీళ్ల మీద సాగిపోయే కైట్‌సర్ఫింగ్‌కు ఇంత నమ్మకమైన గాలి దొరికే చోట్లు కొన్నే.

మస్కట్‌లో తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. హైదరాబాదు నుంచి అక్కడికి నేరుగా విమానం ఉంది. కాబట్టి ఈ ప్రయాణం మనకు అందనిదేమీ కాదు. అయితే అక్కడ పుష్కలంగా ఉండేది గాలే. తాగునీరు, కైట్‌ను పట్టి ఉంచే తాడు (లైను) తెగితే మారు లైను, నీళ్లలో చిక్కుకుంటే వచ్చే పడవ, ఇవేవీ పిలవగానే రావు. ఇంట్లో కూర్చుని ఎంత ఆలోచించి సర్దుకుంటే అక్కడ అంత నిశ్చింత. కింద చెప్పేవన్నీ ఆ ఉద్దేశంతోనే.

1. నేర్చుకోవడానికి మసీరా వెళ్లకండి, నేర్చుకున్నాక వెళ్లండి. మనకు దగ్గరలో రామేశ్వరం, పాంబన్ ప్రాంతంలో కైట్‌సర్ఫింగ్ నేర్పుతారు. లోతులేని నీళ్లు, పక్కనే శిక్షకుడు, ఏదైనా అయితే అరిస్తే వినిపించే దూరంలో మనుషులు. సొంతంగా బోర్డు మీద నిలబడటానికి చాలామందికి పది గంటలకు అటూ ఇటూగా శిక్షణ పడుతుంది. అది చాలదు. బయలుదేరిన చోటికే గాలికి ఎదురు వాలులో తిరిగి రాగలగాలి, నీళ్లలో పడిన కైట్‌ను సాయం లేకుండా లేపగలగాలి, లేవకపోతే దాన్ని పట్టుకుని ఒడ్డు చేరగలగాలి. ఈ మూడూ వచ్చేదాకా ఎడారి తీరాన్ని వాయిదా వేయండి. ఈత సంగతి వేరే చెప్పక్కర్లేదు.

2. నెల చూసి టికెట్టు కొనండి. జూలైలో గాలి ఉధృతంగా ఉంటుంది. బాగా చేయి తిరిగినవాళ్లకు అది పండగ. మొదటిసారి వెళ్లేవారికి ఆగస్టు చివరి వారాలు, సెప్టెంబరు మొదటి రోజులు మేలని నా అభిప్రాయం. గాలి ఉంటుంది, ఊపిరి తీసుకునే వీలూ ఉంటుంది. మే, జూన్ మొదటి భాగం తుపాన్లు పుట్టే సమయం. 1977 జూన్‌లో ఒక తుపాను మసీరా ఇళ్లను దాదాపు తుడిచిపెట్టేసింది. 2007 జూన్‌లో గోను తుపాను ఒమన్ తీరాన్ని అతలాకుతలం చేసింది. ఆ రోజుల్లో వెళ్లాల్సి వస్తే వాతావరణ హెచ్చరికలు రోజూ చూడండి. అల్పపీడనం అన్న మాట కనబడితే ప్రయాణం ఆపేయండి.

3. ఏ సైజు కైట్లు తీసుకెళ్లాలన్నది ఇంట్లోనే లెక్కవేసుకోండి. మీ బరువును కిలోల్లో తీసుకుని 2.2తో హెచ్చవేసి, గాలి వేగాన్ని నాట్లలో తీసుకుని భాగించండి. వచ్చినదే సుమారుగా మీకు సరిపోయే కైట్ వైశాల్యం, చదరపు మీటర్లలో. 75 కిలోల మనిషికి 18 నాట్ల గాలిలో 9 మీటర్ల కైట్, 25 నాట్లలో 7, 30 నాట్లలో 5 లేదా 6. ఒక నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు, కాబట్టి 25 నాట్ల గాలి అంటే గంటకు 46 కిలోమీటర్ల పైమాటే.

ఇక్కడ ఒక సంగతి మనసులో గట్టిగా నాటుకోవాలి. గాలి వేగం పెరిగినట్టు లాగుడు పెరగదు, దాని వర్గంగా పెరుగుతుంది. 20 నాట్ల గాలి 30 అయితే వేగం పెరిగింది ఒకటిన్నర రెట్లే. మిమ్మల్ని లాగే బలం రెండుంపావు రెట్లవుతుంది. పొద్దున హాయిగా అనిపించిన కైట్ మధ్యాహ్నానికి మనిషిని ఇసుక మీద ఈడ్చుకుపోవడానికి కారణం ఇదే. మన దగ్గర అలవాటైన 12 మీటర్ల కైట్‌ను మసీరా సీజన్‌లో సంచిలోంచి తీసే పనే పడకపోవచ్చు. దాని బదులు చిన్నది ఇంకొకటి పెట్టుకోండి. మూడు కైట్లు, వాటిని నడిపే బార్లు రెండు ఉంటే ఒకటి చిరిగినా ప్రయాణం చెడదు. రెండు సైజుల మధ్య ఏది కట్టాలని అనుమానం వస్తే చిన్నదే కట్టండి.

4. ఎడారి కదా అని చలిని మరచిపోవద్దు. నైరుతి గాలి ఒడ్డు దగ్గరి పైనీటిని నెట్టుకుపోతుంటే అడుగునుంచి చల్లటి నీరు పైకి వస్తుంది. అందుకే మస్కట్‌లో ఎండ 40 డిగ్రీలు దాటే రోజుల్లో కూడా మసీరా గాలి చల్లగా తగులుతుంది, నీళ్లు ఇరవైల్లోనే ఉంటాయి. తడి ఒంటిమీద ఆ గాలి రెండు గంటలు కొడితే పళ్లు టకటకలాడతాయి. పొట్టి చేతుల పలుచని వెట్‌సూట్ ఒకటి, గాలి చొరబడని జాకెట్ ఒకటి చాలు. వెట్‌సూట్ తడిగా ఉండి ఎక్కకపోతే పాదానికి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని దూర్చండి, జారిపోతుంది.

5. కాగితాల పని వారం ముందే ముగించండి. వీసా నిబంధనలు మారుతుంటాయి, రాయల్ ఒమన్ పోలీస్ ఈ-వీసా పేజీలోనే చూసుకోండి. కారు అద్దెకు తీసుకోవాలంటే ఆర్టీవో ఆఫీసులో అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకుని వెళ్లడం మంచిది. ప్రయాణ బీమా కొనేటప్పుడు కైట్‌సర్ఫింగ్‌కు వర్తిస్తుందా లేదా అని రాతపూర్వకంగా అడగండి. చాలా పాలసీలు సాహస క్రీడలను పక్కన పెడతాయి.

6. సంచిలో పెట్టకూడనివి కూడా ఒక జాబితా రాసుకోండి. మసాలా పొడిలో గసగసాలు వేసే అలవాటు మన ఇళ్లలో ఉంది. గల్ఫ్‌లో కొన్ని దేశాలు గసగసాలను మాదకద్రవ్యాల కిందే చూస్తాయి కాబట్టి ఆ పొడి ఇంట్లోనే వదిలేయండి. కోడీన్ ఉన్న దగ్గుమందు, ట్రామడాల్ వంటి నొప్పి మాత్రలు డాక్టరు చీటీ లేకుండా వద్దు. ఉపగ్రహం ద్వారా పనిచేసే ఫోన్లు, సందేశ పరికరాలు విదేశీ ప్రయాణికులు మామూలుగా వాడతారు గానీ, భారతదేశంలో వాటిని అనుమతి లేకుండా దగ్గర ఉంచుకోవడం నేరం. మన విమానాశ్రయంలోనే ఆపేస్తారు. డ్రోన్‌కు ఒమన్‌లో అనుమతి కావాలి. మసీరాలో వైమానిక స్థావరం ఉంది గనుక ఆ పరిసరాల్లో ఫొటోలు కూడా తీయకండి.

7. కైట్ సంచిని బరువు తూచే సర్దండి. విమానంలో ఒక్కో సంచి 32 కిలోలు దాటితే మామూలు సామానుగా తీసుకోరు. ఆట సామగ్రికి ప్రతి ఎయిర్‌లైన్‌కూ ఒక నియమం ఉంటుంది, టికెట్టు కొనేముందే చదవండి. బోర్డు ఫిన్లు విప్పి, మరలు చిన్న డబ్బాలో వేసి, డబ్బాను బోర్డుకే టేపుతో అంటించండి. బోర్డు అంచులకు వెట్‌సూట్, తువ్వాళ్లు చుడితే వేరే స్పాంజి అక్కర్లేదు. నడుముకు కట్టుకునే హార్నెస్, ఒక బార్ మాత్రం చేతిసంచిలో పట్టితే అందులోనే పెట్టండి. పెద్ద సంచి ఒకరోజు ఆలస్యమైనా అవి చేతిలో ఉంటాయి. పవర్ బ్యాంకు ఎప్పుడూ చేతిసంచిలోనే.

8. దారి సంగతి. మస్కట్ నుంచి సినావ్, మహౌత్ మీదుగా షన్నా రేవుకు కారులో ఐదారు గంటలు. అక్కడి నుంచి ఫెర్రీ ఎక్కితే గంట, గంటన్నరలో ద్వీపం ఉత్తరాన ఉన్న హిల్ఫ్ ఊరు. కారుకు చోటు ముందే బుక్ చేయండి. ఒమన్‌లో శుక్ర, శనివారాలు సెలవులు కాబట్టి గురువారం సాయంత్రం, శనివారం తిరుగు ప్రయాణం రద్దీగా ఉంటాయి. ఆదివారమో సోమవారమో దాటితే సుఖం. అక్కడ బండ్లు కుడివైపు నడుస్తాయి, మొదటి గంట నెమ్మదిగా పోనివ్వండి. చీకటి పడ్డాక ఎడారి రోడ్డు మీద నడపకండి. ఒంటెలు రోడ్డుకు అడ్డంగా నిలబడతాయి, హెడ్‌లైటు వెలుగులో దగ్గరకు వచ్చేదాకా కనిపించవు. తిరుగు విమానానికి ఒక రోజు ముందే ద్వీపం దాటి ఉండండి, సముద్రం బాగా లేకపోతే ఫెర్రీ ఆగిపోవచ్చు.

9. ఇసుకలో బండి దిగబడితే కంగారుపడి యాక్సిలరేటర్ తొక్కకండి, ఇంకా లోతుకు దిగుతుంది. దించే ముందే టైర్లలో గాలిని 15 నుంచి 18 పీఎస్ఐ దాకా తగ్గించండి. టైరు నేల మీద వెడల్పుగా పరచుకుని ఇసుకను పట్టుకుంటుంది. తారు రోడ్డెక్కగానే మళ్లీ నింపాలి కాబట్టి కారు సాకెట్టుకు తగిలించే చిన్న కంప్రెసర్ దగ్గర ఉండాలి. ఒక పార, రెండు పాత డోర్‌మ్యాట్లు కూడా వేసుకోండి, టైరు కింద పరిస్తే బండి పైకి వస్తుంది. షన్నా చుట్టుపక్కల సబ్ఖా అనే ఉప్పు నేలలు ఉన్నాయి. పైన ఎండిన పెచ్చు గట్టిగా కనిపిస్తుంది, కింద బురద. బండ్లు తిరిగి నలిగిన జాడ లేని చోట అటు వెళ్లనే వద్దు.

10. నీళ్లు, తిండి హిల్ఫ్‌లోనే కొనుక్కుని తీరానికి వెళ్లండి. దుకాణాలు, పెట్రోలు బంకు, ఆసుపత్రి అన్నీ ఆ ఊళ్లోనే. కైట్‌కు అనువైన తీరం అక్కడి నుంచి చాలా కిలోమీటర్లు. తాగడానికి మనిషికి రోజుకు ఐదారు లీటర్లు, వంటకు వేరే, సామగ్రి కడగడానికి వేరే అని లెక్కపెట్టుకోండి. సగం సీసాలను హోటల్ ఫ్రీజర్లో గడ్డకట్టించి ఐస్‌బాక్సులో పేర్చితే విడిగా ఐసు కొనక్కర్లేదు, కరిగిన కొద్దీ తాగొచ్చు.

గాలి చల్లగా ఉంటుంది గనుక చెమట తెలియదు, దాహమూ తెలియదు. ఒంట్లో నీరు మాత్రం పోతూనే ఉంటుంది. లీటరు శుభ్రమైన నీళ్లలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచాలు గోపురం కట్టకుండా సమంగా కొలిచి కలిపి పెట్టుకోండి. నీళ్లలోకి దిగేముందు ఒక గ్లాసు, పైకి వచ్చాక ఒక గ్లాసు. మూత్రం ముదురు పసుపుగా వస్తే ఆ పూట ఆట మానేయండి.

పొయ్యి అక్కర్లేని తిండికి మన వంటిల్లు పెట్టింది పేరు. అటుకులు, వేరుశనగ ఉండలు, నువ్వుండలు, సత్తుపిండి, బెల్లం. నూనెలో మగ్గించిన పులిహోర గుజ్జు ఉంటే వేడి అన్నంలో కలిపేయడమే. కందిపొడి, కరివేపాకు పొడి సంగతి సరేసరి. పచ్చడి తీసుకెళ్లదలిస్తే గాజు సీసా వద్దు. మందపాటి కవర్లో పోసి, దాన్ని ఇంకో కవర్లో పెట్టి, చెక్-ఇన్ సంచిలో బట్టల మధ్య దాచండి. వంట చేసేటప్పుడు కారును గాలికి అడ్డంగా నిలిపి దాని మాటున స్టవ్ వెలిగించండి. మంట ఎగిరి టెంటుకు అంటుకోవడం క్షణం పని, కాబట్టి టెంటు లోపల మాత్రం ఎప్పుడూ వెలిగించొద్దు.

11. మరమ్మతు పెట్టె ఇంట్లోనే సిద్ధం చేసుకోండి. ఇందులో ఉండాల్సినవి: అతికే సెయిల్ టేపు, కైట్ లోపలి గాలి గొట్టానికి (బ్లాడర్‌కు) వేసే ప్యాచీలు, కవాటం జిగురు, ఒక పూర్తి లైన్ల జత, చిన్న స్క్రూడ్రైవర్, ప్లయర్, కత్తెర, పాత టూత్‌బ్రష్, కొవ్వొత్తి ముక్క, టాల్కం పౌడర్, స్పిరిట్ స్వాబ్‌లు, లావు సూది, డెంటల్ ఫ్లాస్ దారం. చివరి రెండూ ఎందుకంటారేమో. హార్నెస్ కుట్టు విడిపోతే మామూలు దారం ఉప్పునీటికి నిలవదు. డెంటల్ ఫ్లాస్ నిలుస్తుంది.

కైట్ ముందంచులో గాలి నిలవడం లేదంటే లోపలి బ్లాడర్‌కు సన్న చిల్లు పడిందన్నమాట. దాన్ని బయటికి తీసి, కొద్దిగా గాలి నింపి, సైకిల్ ట్యూబు పంక్చరు చూసినట్టే నీళ్ల తొట్టిలో ముంచండి. బుడగలు వచ్చే చోట పెన్నుతో గుండ్రంగా గీసి, ఆరబెట్టి, స్పిరిట్‌తో తుడిచి ప్యాచీ వేయండి. తిరిగి దూర్చేముందు బ్లాడర్ అంతటా టాల్కం పౌడర్ రాస్తే మెలిక పడకుండా జారుతుంది. గుడ్డ చిరిగితే ఇసుక, ఉప్పు పూర్తిగా పోయేలా తుడిచి రెండువైపులా టేపు వేయండి. టేపు మూలలను గుండ్రంగా కత్తిరిస్తే లేచిపోవు. జిప్పు బిగుసుకుంటే కొవ్వొత్తితో పైకీ కిందికీ రుద్దండి.

లైన్ల పొడవు బయలుదేరే ముందే చూసుకోండి. కాలనీ పార్కులో ఒక స్తంభానికి నాలుగు లైన్ల చివరలు తగిలించి, బార్ పట్టుకుని గట్టిగా లాగండి. బార్ వంకరగా నిలిచిందంటే ఒక లైను సాగిపోయినట్టు. అదలాగే ఉంటే కైట్ ఎప్పుడూ ఒకే పక్కకు తిరుగుతూ మీ చేతులు పీకేస్తుంది.

12. క్విక్ రిలీజ్‌ను రోజూ నొక్కి చూడండి. ప్రమాదంలో కైట్‌ను వదిలించుకోవడానికి ఉన్న ముఖ్యమైన మీట అది. ఎడారి ఇసుక పిండిలా సన్నం, ఉప్పుతో కలిసి లోపల గట్టిపడితే అవసరమైన క్షణంలో కదలదు. ప్రతి సాయంత్రం అర లీటరు మంచినీళ్లు దానిమీదే పోసి, టూత్‌బ్రష్‌తో తోమి, ఐదారుసార్లు వదిలి బిగించండి. నీళ్లు తక్కువ ఉన్నాయనుకుంటే స్నానం మానండి, ఈ పని మానకండి.

13. ఒంటి సంరక్షణ. జింక్ ఆక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్ ముక్కుకు, చెవుల పైభాగానికి, పాదాల మీద మందంగా రాయండి. నీటి మీద పడి తిరిగి వచ్చే ఎండ గడ్డం కిందా కాలుస్తుంది. పెదవులకు కొద్దిగా నెయ్యి రాత్రిపూట చాలు. పొడవు జుట్టు ఉన్నవాళ్లు నూనె రాసి, గట్టిగా జడ అల్లి, హుడ్ కింద దోపుకోండి. కాంటాక్ట్ లెన్సులకు ఇది చోటు కాదు, తాడున్న కళ్లద్దాలే మేలు. కాళ్లకు అంటిన తడి ఇసుక దులిపితే పోదు. టాల్కం పౌడర్ చల్లి తుడిస్తే రాలిపోతుంది.

14. టెంటు మేకులు అక్కడి ఇసుకలో నిలవవు. ఖాళీ సంచుల్లో ఇసుక నింపి, తాడు కట్టి, మోచేతి లోతు గోతిలో పాతిపెట్టండి. టెంటు వాకిలి గాలికి ఎదురుగా పెట్టొద్దు. రాత్రంతా గుడ్డ కొట్టుకునే చప్పుడుకు నిద్ర పట్టనివాళ్లు చెవుల్లో పెట్టుకునే దూది మరచిపోవద్దు. నా మాట వింటే వారం రోజుల్లో కనీసం రెండు రాత్రులు నాలుగు గోడల మధ్య పడుకోండి. నిద్రలేని మనిషి గాలిని తప్పుగా అంచనా వేస్తాడు.

15. కైట్ విప్పే ముందు ఒడ్డు వెంట నడవండి, నీరు తీసి ఉన్నప్పుడు. ఎక్కడ రాయి ఉందో, ఎక్కడ ఇసుక మేట ఉందో అప్పుడే కనిపిస్తుంది. ఫొటో తీసి పెట్టుకుంటే పోటు మీద దిగినప్పుడు పనికొస్తుంది. తర్వాత గాలి ఎటు పోతోందో చూడండి. సముద్రం వైపు నుంచి ఒడ్డుకు ఏటవాలుగా వీచేది మంచిది. ఒడ్డు మీది నుంచి సముద్రంలోకి పోయే గాలిలో, ఎంత నున్నటి నీళ్లు ఊరించినా, దిగకండి. ఏ చిన్న భాగం విరిగినా ఆ గాలి మిమ్మల్ని నడిసముద్రానికి మోసుకుపోతుంది. ద్వీపం మధ్యలో గుట్టలున్నాయి, వాటి చాటున గాలి ఒక్కసారి పడిపోయి, మరుక్షణం విరుచుకుపడుతుంది. గుట్ట నీడలో కైట్ లేపొద్దు.

లోతులేని నీళ్లలో నడిచేటప్పుడు పాదాలు ఎత్తి వేయకుండా నేల మీద ఈడ్చుకుంటూ నడవండి. ఇసుకలో దాక్కున్న టేకు చేపలు అదిరి పక్కకు తప్పుకుంటాయి. ముల్లు గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో పాదం పెట్టి నొప్పి తగ్గేదాకా ఉంచి, ఆసుపత్రికి వెళ్లండి.

16. కైట్ లేపేటప్పుడు మీకు గాలివాలున కనీసం 50 మీటర్లు ఖాళీ ఉండాలి. రాళ్లు, బండ్లు, మనుషులు ఉండకూడదు. లైన్లు తగిలించాక ఒకసారి మీరు, ఒకసారి మీ జతగాడు విడివిడిగా చూడండి. లేవగానే నడినెత్తిన నిలిపి ఉంచే అలవాటు మానుకోండి, ఒక్క విసురు గాలికి మనిషి పైకి లేస్తాడు. నీటి వైపు కిందగా ఉంచి, వెంటనే ఒడ్డు దాటి నీళ్లలోకి పోవాలి. వాడని కైట్‌లోంచి గాలి తీసేయండి. ఇసుక పోసి ఒడ్డున కొట్టుకోనిస్తే ఎండకూ గాలికీ గుడ్డ త్వరగా పాడవుతుంది.

17. ఒంటరిగా దిగకండి. ఇది అన్నిటికన్నా ముఖ్యం గనుక కాస్త నిదానంగా చదవండి. ఇద్దరుంటే వంతులవారీగా ఒకరు నీళ్లలో, ఒకరు బైనాక్యులర్‌తో ఒడ్డున. అంతకన్నా ఎక్కువమంది ఉన్నా ఒడ్డున ఒకరు తప్పనిసరి. ఆ మనిషి దగ్గర ఫోన్, కారు తాళాలు ఉండాలి. మీరు ఎప్పటికి తిరిగి వస్తారో నోటితో చెప్పి దిగండి. ఒడ్డు నుంచి ఎంత దూరం ఈదుకుని రాగలరో అంత దూరమే వెళ్లండి, కైట్ మోసుకొస్తుందిలే అనుకోవద్దు.

నీళ్లలో కైట్ పడి లేవకపోతే ఏం చేయాలో పొడి నేల మీద ముందే సాధన చేయండి. రిలీజ్ నొక్కాలి. భద్రతా లైను ఒక్కదాన్నే పట్టుకుని బార్‌కు చుడుతూ కైట్ దగ్గరకు చేరాలి. లైన్లు ఎప్పుడూ వేళ్లకు, మణికట్టుకు చుట్టుకోకూడదు, ఒత్తిడి పడితే కోసేస్తాయి. కైట్‌ను చేరాక దాని రెండు చివరలూ దగ్గరకు లాక్కుంటే అది తెరచాప అవుతుంది, గాలి మిమ్మల్ని ఒడ్డుకు తెస్తుంది. గాలి నిండిన కైట్ మునగదు, కాబట్టి అది మిమ్మల్ని ప్రమాదంలోకి లాగుతుంటే తప్ప దాన్ని వదిలి ఈదడానికి పూనుకోకండి. బోర్డు కొట్టుకుపోతే పోనివ్వండి. హార్నెస్‌కు లైన్లు కోసే కొక్కెం కత్తి, ఒక ఈల ఉండాలి.

సీజన్‌లో అక్కడ సూర్యుడు నెలను బట్టి ఆరు, ఏడు గంటల మధ్య దిగిపోతాడు, ఆ తర్వాత వెలుతురు ఎక్కువసేపు నిలవదు. ఐదున్నరకల్లా కైట్ దించేయండి. ఇంకొక్క చుట్టు అని మనసు లాగుతుంది. అలసిన ఒంటితో తిరిగే ఆ చివరి చుట్టే ప్రమాదాలకు నెలవు.

18. తాబేళ్లకు దారివ్వండి. ప్రపంచంలో లాగర్‌హెడ్ తాబేళ్లు ఎక్కువగా గుడ్లు పెట్టే తీరాల్లో మసీరా ఒకటి. 1970ల్లో ఏటా ముప్పై వేల తల్లి తాబేళ్లు వస్తాయని అంచనా వేశారు. ఆ సంఖ్య తర్వాత దారుణంగా పడిపోయింది. ఈ ప్రాంతపు లాగర్‌హెడ్‌లను ఇప్పుడు అంతరించే అంచున ఉన్నవాటిలో చేర్చారు. మన ఆంధ్రా తీరానికి వచ్చే ఆలివ్ రిడ్లేలు కూడా మసీరాలో గూళ్లు కడతాయి. లాగర్‌హెడ్‌లు గుడ్లు పెట్టే నెలలు, కైట్‌కు గాలి వీచే నెలలు చాలావరకు కలుస్తాయి. ఒక్కో గూటిలో వంద దాకా గుడ్లు, పొదగడానికి సుమారు రెండు నెలలు. అంటే మీరు అక్కడున్న రోజుల్లో ఒడ్డు ఇసుక కింద ప్రాణాలున్నాయి.

అందుకని బీచ్ మీద బండి నడపొద్దు. చక్రం గూటిని నలిపేస్తుంది, చక్రం గాడిలో పడిన తాబేలు పిల్ల సముద్రం చేరలేదు. రాత్రిపూట ఒడ్డువైపు తెల్లటి దీపాలు వెలిగించొద్దు. పిల్లలు వెలుగునే సముద్రమనుకుని ఎదురుదిశలో పాకి చచ్చిపోతాయి. తలదీపం తప్పనిసరైతే ఎర్ర కాంతిది వాడండి. గుడ్లు పెట్టడానికి వచ్చిన తల్లి కనిపిస్తే దూరంగా, కదలకుండా ఉండండి, ఫ్లాష్ కొట్టకండి. తెగిన లైన్ల ముక్కలు ఒక్కటి కూడా ఇసుకలో వదలకండి. చేపల వలల ముక్కలు కనిపిస్తే ఏరి సంచిలో వేసుకురండి. ఎవరూ చెప్పకపోయినా చేయాల్సిన పని ఇది.

19. ఊళ్లోకి వెళ్లినప్పుడు భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోండి. ఒడ్డున తీసిన ఫొటోల్లో అక్కడి మనుషులు పడితే ముందు అడగండి. ఎదురైన జాలరిని పలకరించి గాలి సంగతి కనుక్కోండి, ఏ ఫోన్ యాప్ కన్నా ఆయనకే ఆ రేవు తెలుసు. శుక్రవారం మధ్యాహ్నం ప్రార్థన వేళ దుకాణాలు మూసి ఉంటాయి, సరుకులు గురువారమే కొనండి.

20. మస్కట్‌లోనో ఇంట్లోనో ఒక మనిషికి మీ వివరాలు రాసి ఇవ్వండి. ఏ రోజు ఏ ఒడ్డున, కారు నంబరు, తోడున్నవారి ఫోన్ నంబర్లు, ఏ గంటలోగా సందేశం రాకపోతే ఏం చేయాలి. ఒమన్‌లో అత్యవసర నంబరు 9999. ద్వీపం దక్షిణాన సిగ్నల్ అన్నిచోట్లా అందదు కాబట్టి, ఎక్కడ అందుతుందో వెళ్లిన రోజే చూసి గుర్తుపెట్టుకోండి. స్థానిక సిమ్ విమానాశ్రయంలోనే తీసుకోండి.

21. ఇంటికి చేరిన రోజే సంచి విప్పండి. ఎంత అలసటగా ఉన్నా మరునాటికి వాయిదా వేయొద్దు, ఉప్పు నిద్రపోదు. బార్‌ను, లైన్లను, పంపును బకెట్ మంచినీళ్లలో రాత్రంతా నానబెట్టండి. హార్నెస్ కొక్కేన్ని తోమండి. వెట్‌సూట్‌కు వాసన వస్తే బకెట్ నీళ్లలో గ్లాసుడు వెనిగర్ కలిపి అరగంట ముంచి, మళ్లీ మంచినీళ్లలో జాడించి, లోపలి వైపు బయటికి తిప్పి నీడలో ఆరేయండి. కైట్‌ను మేడమీద ఎండలో పరచకండి, హాల్లో ఫ్యాను కింద ఆరబెట్టండి. ముందంచు మూలల్లో ఇసుక చేరుతుంది, వాక్యూమ్ క్లీనర్ ఉంటే దాంతో లాగేయండి. పూర్తిగా ఆరాక వదులుగా మడిచి, మడతల్లో నాలుగు ఎండు వేపాకులు వేసి, అటక మీద కాకుండా గాలి ఆడే అలమరలో పెట్టండి. వేసవిలో అటక వేడికి బ్లాడర్ల అతుకులు ఊడిపోతాయి.